పందెము పెట్టినవాడెవడు?

ఒక సంఘమువారు మఱియొక సంఘమువారిని ద్వేషించుటకు కారణమేమని యడిగినచో మన యిండ్లలో సాధారణముగ వినబడు ప్రత్యుత్తర మొక్కటే: వారి స్వభావ మట్టిదని. చదువుకొన్నవారును దీనినే కొంచెము మార్చి జాతిగుణ మనియు, వంశపారంపర్య మనియు పలుకుదురు. ఈ ప్రత్యుత్తరము చెప్పువానికి సుఖముగ నుండును. ఏలయన దానివలన చెప్పువాడు చేయవలసిన పని యేమియు మిగులదు. అట్టి సుఖమును భంగపఱచిన గ్రంథములలో ముజఫర్ షెరీఫ్ అను పండితుడు తన సహచరులతో గూడ వ్రాసి 1961లో ప్రకటించిన రాబర్స్ కేవు ప్రయోగవృత్తాంత మొకటి. సంఘవైరమును, సహకారమును గూర్చి శాస్త్రదృష్టితో విచారించువా రందఱును నేటికిని దీనిని స్మరింతురు. ఖమ్మము, భద్రాచలముల నడిమి యడవియంచున జరిగినదానితో ఈ గ్రంథమును సరిపోల్చి, ఇందు గ్రహింపవలసినదేదియో, విడువవలసినదేదియో విచారింతము.

షెరీఫ్ 1906లో తుర్కీ దేశమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ దేశపు పడమటి తీరమున గ్రీకులకును తుర్కులకును జరిగిన ఘోరకలహమును బాల్యమున చూచెను. తరతరములుగ నొకే వీథిలో కాపురమున్నవారు ఒకరి నొకరు చంపుకొన్న కాలమది. అమెరికా చేరిన పిమ్మట ఆయన తన జీవితమంతయు నొక్క ప్రశ్నకే యర్పించెను: మంచివారైన మనుష్యులు గుంపులుగ చేరినప్పు డేల క్రూరు లగుదురు?

1954వ సంవత్సరపు వేసవిలో ఓక్లహోమా రాష్ట్రమందలి రాబర్స్ కేవు అను నడవిలో ఆయన యొక శిబిరము నేర్పఱచెను. సుమారు పదునొకండేండ్ల బాలురు 22 మందిని తెచ్చి రెండు జట్లుగ విభజించెను. బాలు రందఱును తెల్లవారు, ప్రొటెస్టంటు మతస్థులు, మధ్యమవర్గపు కుటుంబములవారు. అంతకుముందు ఒకరి నొకరు ఎఱుగనివారు. మొదటి వారము ఒక జట్టున్నట్లు రెండవ జట్టునకు తెలియనీయలేదు. ఆ వారములో ఒక జట్టు తన కొక విషసర్పముపేరు పెట్టుకొని రాట్లర్లైనది. రెండవది గ్రద్దపేరు పెట్టుకొని ఈగిల్సైనది. తరువాత పందెములు పెట్టిరి. గెలిచినవారికి చురకత్తులును పతకములును, ఓడినవారికి శూన్యము. కొన్నాళ్లలోనే తిట్లు, జెండాలు తగులబెట్టుట, రాత్రివేళ గుడిసెలపై దాడులు బయలుదేరెను.

ఈ దశయందు చేసిన యొక చిన్న పరీక్ష మిక్కిలి బోధకమైనది. నేలపై చల్లిన చిక్కుడుగింజలను బాలురచేత ఏఱించి, ఒక్కొక్కని సంచిలోనివని చెప్పి తెరపై చూపి, ఎన్ని యున్నవో యంచనా వేయుమనిరి. ప్రతిసారియు చూపిన గింజలు 35 మాత్రమే. అయినను ప్రతి జట్టును తనవాని గింజలు హెచ్చుగను, ఎదుటివానివి తక్కువగను చూచెను. దురభిప్రాయము మనస్సులో మాత్రమే యుండునని తలంచువారికి ఇది చాలిన సమాధానము. అది కంటిలోనికిని దిగును, లెక్కనుగూడ మార్చును.

పిదప షెరీఫ్ రెండు జట్లను ఒకచోట చేర్చి భోజనము పెట్టించెను, సినిమా చూపించెను. వైరము తగ్గకపోగా అన్నము విసరుకొనిరి. అప్పు డాయన వేఱొక యుపాయము చేసెను. శిబిరమునకు నీరు రాకుండ కొళాయిని మూయించెను. భోజనము తెచ్చు బండి కదలదని చెప్పించెను. ఇరుజట్లవారును కలిసి నీటిత్రోవను సరిచేసికొనిరి. పూర్వము ఒకరిపై నొకరు బలము చూపుటకు లాగిన మోకుతోనే కలిసి బండిని లాగిరి. ఇట్టి పనులు పెక్కు జరిగిన పిమ్మట వైరము చల్లారెను. తిరుగుప్రయాణమున ఒకే బస్సులో పోవుచు, రాట్లర్లు తాము గెలిచిన యైదు డాలర్లతో అందఱికిని పానీయములు కొనిపెట్టిరి.

షెరీఫ్ సిద్ధాంతములు మూడు. వైరము స్వభావమునుండి గాక, ఒకరు గెలిచిన నొకరు ఓడవలసిన స్థితినుండి పుట్టును. ఊరక కలిసి కూర్చుండుటచేత అది పోదు. ఏ యొక్క జట్టునకును ఒంటరిగ సాధ్యము గాక, రెండింటికిని అత్యవసరమైన లక్ష్యము ముందు నిలిచినప్పుడే స్నేహము మొలకెత్తును.

ఇక మన దేశమునకు వత్తము. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచలమీదుగ భద్రాచలము చేరు దారిలో తెలుగుపల్లెలును, కోయగూడెములును, లంబాడీ తండాలును ఒకదాని వెంట నొకటి వచ్చును. గోదావరి లోయలోని కొండలలో కొండరెడ్లు గలరు. కోయలు తమను కోయతూరులనియు, దొరల సత్తమువారనియు చెప్పుకొందురు. మైదానపుతెలుగువారు వారిని అడవిమనుష్యు లందురు. మన భాషలోనే ఈ దోషము పాతుకొని యున్నది. నగరమునుండి నాగరికత పుట్టినది; అడవినుండి ఆటవికము పుట్టినది. ఒక పదము బిరుదైనది, రెండవది తిట్టైనది. పందెము మొదలుగాక మునుపే చిక్కుడుగింజలను మనము తక్కువగ లెక్కపెట్టితిమి.

షెరీఫ్ మొదటి సిద్ధాంతమును ఈ ప్రాంతము బలపఱచుచున్నది. కోయలకును లంబాడీలకును నేడున్న స్పర్ధ జాతిస్వభావమువలన వచ్చినది కాదు. దానికి తేదీ గలదు. తెలంగాణ ప్రాంతమున లంబాడీలు షెడ్యూల్డు తెగల పట్టికలో చేరినది 1976 నాటి చట్టమువలన. 2011 జనాభాలెక్కల ప్రకారము ఇప్పటి తెలంగాణలో లంబాడీలు 20 లక్షలకు పైగ నుండగా కోయలు 5 లక్షలకు లోపుగనే యున్నారు. ఉద్యోగములలోను కళాశాలలలోను తెగలన్నిటికిని కలిపి రాష్ట్రములో కేటాయించిన భాగము 2022 వఱకు నూటికి 6 మాత్రమే. ఆ యేట దానిని 10 చేసిరి. ఒకే చిన్న గిన్నెలోని యన్నమునకు పెక్కు చేతులు చాచినప్పుడు, ప్రక్కవాని చేయియే కంటబడును గాని గిన్నె చిన్నదని తోచదు. 2017 చివర ఆదిలాబాదు ప్రాంతమున గోండులు, కోయలు మొదలగు తెగలకును లంబాడీలకును నడుమ రేగిన యల్లర్ల సెగ ఖమ్మము సీమకును తగిలెను. పట్టికనుండి లంబాడీలను తొలగింపవలెనని ఒకరు; రాజ్యాంగబద్ధమైన మా హక్కును, మా పేదఱికమును కాదనుట కెవరికి నధికారమని మఱియొకరు. ఇరువురి మాటయందును బాధ గలదు.

మూడవ సిద్ధాంతమునకును ఇచ్చట సాక్ష్యము గలదు. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు వచ్చినప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది చేయుదురు. 1986 ఆగస్టున నది 75.6 అడుగులు చేరెను. 2022 జూలైలో 71.3 అడుగులు. అట్టి నీటి యెదుట కులమును తెగయు నిలువవు. ఒకే మిట్టపై తలదాచుకొన్నవారు నీ గింజలెన్ని, నా గింజలెన్ని యని లెక్కించుకొనలేరు. షెరీఫ్ కొళాయి మూసి తెచ్చిన సమానాపదను గోదావరి తానే తెచ్చును.

కాని ఇచ్చటనే గ్రంథములోని లోపములు బయలుపడుచున్నవి.

మొదటిది: వరద తీయును, భూమి నిలుచును. శిబిరములో కత్తులు పంచివేసిన పిమ్మటనే సహకారము పరీక్షింపబడినది. పోట్లాడుటకు వస్తువే మిగులలేదు. మన యంచున పోట్లాట యంతయు ఎకరము లెవరివని. 2022 వరద తగ్గకమునుపే, ముంపునకు పోలవరపు కట్టడము కారణమని ఒక రాష్ట్రపు మంత్రులును, కాదని మఱియొక రాష్ట్రపు మంత్రులును వాదులాడుకొనిరి. కలిపిన నీరే కలహకారణమయ్యెను. ఉమ్మడి యాపద స్నేహమును తెచ్చునన్నది సత్యమే. నష్టమును పంచుకొను పద్ధతి న్యాయముగ లేనిచో అది తెచ్చిన స్నేహము ఆర్ద్రవస్త్రమువలె ఎండకు ఎండిపోవును.

రెండవది: ఆ బాలు రందఱును సమానులు. ఈడు, రంగు, మతము, ఆస్తి యొకటే. అట్టి సమానులనుండి తీసిన సూత్రమును అసమానులకు వర్తింపజేయుటకు ముందు గ్రంథకర్త తగినంత జంకలేదు. గోదావరి లోయలోని కొండరెడ్లను గూర్చి హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన గ్రంథమును చదివినవారికి, కలపవర్తకులు వారిని అప్పులతో కట్టివేసి పని చేయించుకొన్న విధము తెలియును. కొండవాడు కొట్టును, వర్తకుడు తెప్పగట్టి యమ్మును. ఒకే దుంగపై ఇద్దఱి చేతులును పడినవి. లక్ష్యము సమానము, ఫలము సమానము కాదు. కలిసి పని చేయుటయే సహకార మనినచో వెట్టియు సహకారమే యగును.

ఈ విషయమున, ఆ శిబిరము జరిగిన 1954లోనే గార్డన్ ఆల్‌పోర్టు ప్రకటించిన దురభిప్రాయ విచారగ్రంథము మేలైనది. సంఘముల కలయిక ద్వేషమును తగ్గింపవలెనన్న ఆ కలయికలో ఇరువురికిని సమానగౌరవ ముండవలెననియు, చట్టము, ప్రభుత్వము దానిని సమర్థింపవలెననియు ఆయన నొక్కి చెప్పెను. వారపుసంతకు వచ్చు కోయకుటుంబమును మైదానవాసి తరతరములుగ చూచుచునే యున్నాడు. కాని ఎట్లు చూచుచున్నాడు? తక్కెడ తనచేత నుండగా, ఇప్పపువ్వు గంప ఆమెచేత నుండగా. బేరము తెలియనివా రను నిశ్చయము ప్రతి సంతలోను మఱికొంత గట్టిపడును; తూకము తెలిసినవాడెట్టివా డను ప్రశ్న పుట్టదు. ఇది కలయిక కాదు, దురభిప్రాయమునకు వారమువారము పెట్టు ఎరువు.

దీనికి మాఱుగ ములుగు అడవులలోని మేడారపు జాతరను తలంపుడు. రెండేండ్ల కొకసారి లక్షలకొలది జనులు, అన్ని కులములవారును తెగలవారును, సమ్మక్క సారలమ్మల గద్దెలకు బంగార మని పిలుచుకొను బెల్లమును మోసికొని వత్తురు. చిలుకలగుట్టనుండి దేవతను తెచ్చువారు కోయపూజారులు. అచ్చట త్రోవ యిచ్చువాడు మైదానవాసి, నడచువాడు కోయ. ఆ కొలదిదినములు స్థానము తలక్రిందు లగును. జాతర ముగిసిన పిమ్మట అదే పూజారి సంతకు వచ్చినప్పు డేమగునో మన మెఱుగుదుము; గౌరవము గద్దెలదగ్గఱ నిలిచిపోవును. గౌరవము పండుగకు మాత్రమే కాక తూకమునకును పట్టాకును వర్తింపవలెనని దీనివలన తేలుచున్నది.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. శిబిరములో జట్లు రెండు కావు, మూడు. మూడవ జట్టు షెరీఫ్, ఆయన సహచరులు. బాలురను విడదీసినవారు వారు. కత్తులు తెచ్చినవారు వారు. కొళాయి మూసినవారు వారు. రాట్లర్లు ఈగిల్సును తిట్టిరి, ఈగిల్సు రాట్లర్లను తిట్టిరి. పందెము పెట్టినవానిని ఎవరును తిట్టలేదు. గ్రంథమంతయు చదివినను, ఈ మూడవవాని చేతను ప్రశ్నించు అధ్యాయము దొరకదు.

అంతకు ముందటి సంవత్సరము, 1953లో, న్యూయార్కు రాష్ట్రమున షెరీఫ్ నడపిన మఱియొక శిబిరము కథ దీనిని మఱింత స్పష్టపఱచును. అందు బాలురను మొదట అందఱిని కలిపియుంచి, స్నేహము కుదిరిన పిమ్మట విడదీసిరి. వారిలో వారికి కలహము పుట్టించుటకు నిర్వాహకులు రహస్యముగ గుడారములను చెడగొట్టిరి, బట్టలను చిందరవందర చేసిరి. బాలురు కలహింపలేదు, ఇది పెద్దలు చేసిన పనియే యని సందేహించిరి. ప్రయోగము భగ్నమై నిలిపివేయబడినది. మన యభిప్రాయమున భగ్నమైన యా ప్రయోగమే సఫలమైనది. ముందుగ స్నేహితులైనవారు, పందెము పెట్టినవానివైపు చూచిన నిమిషమున, తమలో తాము కొట్లాడుట మానిరి.

అడవియంచున ఆ మూడవ చేయి యేది? కాగితముమీద గీచిన గీతయు, తేదీయు, పట్టికయు. దీని కుదాహరణములు వరుసగ చూడుడు. భద్రాచలము 1860లో నైజాము నుండి ఆంగ్లేయుల చేతికి పోయెను. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరిమండలమున చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో పట్టణము తెలంగాణలో నుండగా చుట్టుపట్ల కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. కోయగూడెము కదలలేదు; గీత కదలెను.

భూమి విషయము చూడుడు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి అన్యులపాలు గాకుండ 1959లో ఒక నిబంధనము వచ్చెను. 1970లో దానిని గట్టిపఱచి, గిరిజనులకు తప్ప అన్యులకు భూమి బదిలీ చేయుట సంపూర్ణముగ నిషేధించిరి. ఇది మేలైన శాసనమే. కాని 1976లో పట్టిక మాఱిన పిమ్మట, నిన్నటి వఱకు భూమి కొనగూడని లంబాడీ నేడు కొనదగినవా డయ్యెను. తెగనుండి తెగకు బదిలీ తప్పు కాదు గదా. బలహీనమైన తెగను బలమైన తెగనుండి కాపాడు నేర్పాటు వేఱుగ చేయలేదు. అదే సముదాయము సరిహద్దు దాటి మహారాష్ట్రమున షెడ్యూల్డు తెగ కాదు. కోయకు కనబడువాడు ప్రక్కతండాలోని లంబాడీ. కనబడనిది పట్టిక వ్రాసిన కలము.

ఇంతకంటెను కఠినమైనది గుత్తికోయల కథ. 2005 జూన్ మాసమున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం అను సాయుధోద్యమము మొదలయ్యెను. 2011లో సుప్రీంకోర్టు దానిని నిషేధించినది. నడుమ నూళ్లు కాలి, వేలకొలది కుటుంబములు సరిహద్దు దాటి ఖమ్మము అడవులలో గుడిసెలు వేసికొనెను. తమ రాష్ట్రమున వారు గుర్తింపుగల తెగవారు. 2022 నాటికిని తెలంగాణలో వారికి ఆ గుర్తింపు రాలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి సాగు చేసికొను గిరిజనులకే హక్కు నిచ్చును. ఇతరులైనచో మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అచ్చట నివసించి యుండవలెను. అనగా ఏ యేట తఱుమబడిరో ఆ యేటనే తలుపు మూసిరి. పోడు కొట్టక వారికి కూడు లేదు; కొట్టిన నేరము.

2022 నవంబరు 22వ తేదీన చండ్రుగొండ మండలమున, అటవీశాఖవారు మొక్కలు నాటిన నేల విషయమై యేర్పడిన వివాదములో అటవీశాఖ రేంజి అధికారి యొకరు చంపబడిరి. అది ఘోరకృత్యము, కర్తవ్యము నెఱవేర్చుచు ప్రాణము గోల్పోయిన యుద్యోగికిని ఆయన కుటుంబమునకును జరిగిన యన్యాయమును ఏ సిద్ధాంతమును తగ్గింపజాలదు. ఆ నేరమునకు ఇద్దఱు 2023లో యావజ్జీవశిక్ష పొందిరి. న్యాయస్థానము ఇద్దఱిని చూచెను. కాని హత్య జరిగిన కొలదిదినములకే అచ్చటి గ్రామపంచాయతి గుత్తికోయల నందఱిని ఛత్తీస్‌గఢ్‌నకు పంపివేయవలెనని తీర్మానించినది. ఇద్దఱి నేరము స్త్రీలు, శిశువులతోగూడ ఒక గూడెమునంతటిని చుట్టుకొనెను. మన కులమువాడు హత్య చేసినచో వాడు దుర్మార్గు డందుము. పరాయివాడు చేసినచో ఆ జాతి దుర్మార్గమైన దందుము. చిక్కుడుగింజల లెక్కయే యిది. ఈసారి గింజలు మనుష్యులు.

అడవి తఱగిపోవుచున్నది గదా, దానిని కాపాడవలదా యని యడుగవచ్చును. తప్పక కాపాడవలెను. అడవియే కోయకును గుత్తికోయకును అటవీశాఖకును ఉమ్మడియైన బండి. కాని మోకు ఒకరి చేతిలోను, పగ్గము మఱియొకరి మెడలోను ఉండగా కలిసి లాగుట యెట్లు? ఎచ్చట నుండవచ్చునో, ఏది దున్నవచ్చునో చెప్పకుండ, చేయరానిదానిని మాత్రము చెప్పు చట్టము శత్రువును తయారుచేయును గాని సహకారిని తయారుచేయదు.

షెరీఫ్ గ్రంథమును మేము త్రోసివేయుట లేదు. జాతిస్వభావవాదమునకు అది గట్టి దెబ్బ కొట్టినది; ఒకే విధమైన బాలురను పందెము రెండు పగజట్లుగ చేయగలదని చూపినది. ఆ మాత్రమునకే అది ప్రతి గ్రంథాలయమున నుండదగినది. కాని పందెమునకు లోబడినవారి మనస్సును శోధించి, పందెము పెట్టినవాని చేతిని శోధింపకుండ విడిచినందున దాని బోధ సగమే. తక్కిన సగమును పాఠకులు పూర్తిచేసికొనవలెను.

గృహములయందు చేయదగినది చిన్నదిగ కనబడినను చిన్నది కాదు. వార్తాపత్రికలో ఒక తెగపేరుతో నేరము కనబడినప్పుడు, అదే నేరము మన కులమువాడు చేసినచో కులముపేరు వ్రాసియుందురా యని పిల్లల నడుగుడు. సంతలో కోయస్త్రీతో బేరమాడునప్పుడు, దుకాణములో ఆడని బేరము ఇచ్చట నేల యని మనల మనమే యడుగుదము. ఇద్దఱు పేదలు కొట్లాడుకొనుచున్న వార్త విన్నప్పుడు, వారిలో నెవరు దుర్మార్గులని తేల్చుటకు తొందరపడక, వారి నడుమ గీత గీచిన దెవరు, ఏ తేదీన, ఎవరి లాభమునకు అని విచారించుడు. 1953లో పదునొకండేండ్ల బాలురు చేయగలిగిన యా పనిని విద్యావంతులమైన మనము చేయజాలమనుట సిగ్గుచేటు.